తెలుగు జాలపుటల స్వయంచాలక పరీక్ష: బలం, పరిమితి

జాలపుటను బ్రౌజర్‌లో తెరిచి, మీటలు నొక్కి, ఫలితాన్ని సరిచూసే ఉపకరణాలలో సెలీనియం ప్రసిద్ధమైనది. 2004లో జేసన్ హగ్గిన్స్ దీనికి శ్రీకారం చుట్టారు. ఒకసారి రాసిన పరీక్షను క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీలలో ఎన్నిసార్లయినా నడపవచ్చు. పుటలో మార్పు జరిగిన ప్రతిసారీ పాత సౌకర్యాలన్నింటినీ మనిషే తిరిగి పరీక్షించడం ఆచరణలో దుస్సాధ్యం.

అయితే ఉపకరణం సాధారణంగా పోల్చేది యూనికోడ్ సంకేతాల వరుసనే గాని, తెరపై ఏర్పడిన అక్షరాకృతిని కాదు. తెలుగు విషయంలో ఈ భేదం చిన్నది కాదు. ఉదాహరణకు ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వం, దాని కింద చేరే గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. యూనికోడ్ ప్రమాణం ఈ రెండింటినీ సమానంగానే పరిగణిస్తుంది, పాఠకుడికి తేడా కనిపించదు. సంకేతాలను యథాతథంగా పోల్చే పరీక్ష మాత్రం ‘విఫలం’ అంటుంది.

ఇంతకంటె చిక్కైనది దీనికి విపర్యయం. తగిన ఫాంటు లేక దరఖాస్తు పుటలోని ‘సమర్పించు’ మీటపై అక్షరాలకు బదులు గళ్లు కనిపించినా, సంకేతాలు సరిగా ఉంటే ఉపకరణం ఆ మీటను గుర్తించి నొక్కుతుంది, పరీక్ష నెగ్గుతుంది. తెలుగు మాత్రమే చదవగల దరఖాస్తుదారు అక్కడే ఆగిపోతాడు.

తెరచిత్రాలను పోల్చే పద్ధతి ఈ లోటును కొంత తీర్చగలదు. ఫాంటు, నిర్వహణ వ్యవస్థ మారితే అదీ అకారణంగా దోషం చూపుతుంది. పైగా పోలికకు ఆధారమైన తొలి చిత్రం సరైనదో కాదో తెలుగు చదవగలిగినవారే నిర్ణయించాలి.