ఒకే కంప్యూటరు – రెండు వ్యవస్థలు

నెల్లూరు తీరాన కృష్ణపట్నం రేవుకు వచ్చే పెద్ద ఓడ తనంతట తానే గట్టు చేరదు. రేవు పైలట్ ఓడెక్కి, దారి చూపి, కేటాయించిన బెర్తుకు చేర్చి దిగిపోతాడు. కంప్యూటరులో ఇటువంటి పని చేసే చిన్న ప్రోగ్రామే 'బూట్ లోడరు'.

మీట నొక్కగానే చిప్‌లోని ప్రోగ్రాము మేల్కొని, భాగాలన్నిటినీ పరీక్షించి, బూట్ లోడరును పిలుస్తుంది. అది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి 'కెర్నెల్'ను డిస్కు నుంచి మెమరీలోకి తెచ్చి, పగ్గాలు అప్పగించి తప్పుకుంటుంది.

మరి డిస్కును విభజించి ఒక భాగంలో విండోస్, మరొక భాగంలో లినక్స్ ఉంచితే? 'గ్రబ్' అనే లోడరు తెరమీద పట్టిక చూపి, ఏది కావాలో ఎంచుకోమంటుంది. రెండూ డిస్కులో ఉన్నా, ఒకసారికి నడిచేది ఒక్కటే!

ఎందుకీ శ్రమ అంటారా? విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాలెన్నో ఉన్నాయి. 1991లో పుట్టిన లినక్స్ వాటిలో చాలావాటిని ఇంకా పనిచేయించగలదు. పాత పాఠాల కోసం విండోస్‌నూ ఉంచుకోవచ్చు.

అయితే జాగ్రత్త! విభజనలో పొరపాటు జరిగితే ఫైళ్ళన్నీ పోవచ్చు. ముందుగా వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. తరువాత విండోస్, ఆఖరున లినక్స్. ఎందుకంటే, వెనుక వచ్చిన విండోస్ గ్రబ్‌ను పక్కకు నెట్టివేయవచ్చు. ఇదంతా మీ ఉపాధ్యాయుల సమక్షంలోనే చేయండి సుమా!