సాంచాల నడుమ చర్మం: మొటిమలను పోలిన సూక్ష్మజీవి వ్యాధులు

గుజరాత్‌లోని సూరత్‌లో, ముఖ్యంగా లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో, తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎంత గట్టిగా వేళ్లూనుకున్నాయంటే, అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. తాపీ నది సముద్రంలో కలిసే చోటికి చేరువగా ఉన్న ఆ నగరపు తేమగాలిలో, సిరిసిల్లవారు సాంచాలని పిలిచే మరమగ్గాలు వరుసలు తీరిన ఇరుకు షెడ్లలో, మోటార్ల వేడిమి మధ్య పన్నెండేసి గంటలు నిలబడి పనిచేసేవారి ఒంటిపై చెమట, యంత్రాల నూనె, తడిసిన బట్టల రాపిడి ఒక్కటిగా పనిచేస్తాయి. ఇలాంటి పరిస్థితుల్లో మెడపైన, వీపుపైన, తొడలపైన, గడ్డం కింద లేచే ఎర్రని చీముపొక్కులను మొటిమలని సరిపెట్టుకోవడం సహజమే అయినా, వాటిలో చాలావరకు వెంట్రుక మొలిచే గుంటలో, అంటే రోమకూపంలో, బ్యాక్టీరియా చేరడం వల్ల కలిగేవి. వైద్యులు వీటిని ఫాలిక్యులైటిస్ అంటారు.

ఈ రెండు వ్యాధులకూ స్థానం ఒకటే కావడం వల్లనే ఇంత పోలిక ఏర్పడింది. ప్రతి రోమకూపానికీ అనుబంధంగా చర్మాన్ని మెత్తగా ఉంచే జిడ్డును స్రవించే తైలగ్రంథి ఉంటుంది. యౌవనంలో హార్మోన్ల ప్రభావంతో ఆ జిడ్డు పెరిగి, రోమకూపం లోపలి గోడ నుంచి రాలే కణాలు బయటికి పోకుండా అతుక్కుని మూతిని బిగించినప్పుడు, తెల్లగానో నల్లగానో కనిపించే చిన్న మొన ఏర్పడుతుంది. దీనినే కామెడోన్ అంటారు. ప్రతి మనిషి చర్మంపైనా నివసించే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ ఈ మూసుకుపోయిన చోట వృద్ధి చెంది వాపును రేకెత్తిస్తుంది. కాబట్టి మొటిమలోనూ బ్యాక్టీరియా పాత్ర ఉన్నప్పటికీ, అది బయటి నుంచి దాడిచేసిన శత్రువు కాదు, మొటిమ ఒకరి నుంచి మరొకరికి అంటుకునే జబ్బూ కాదు.

ఫాలిక్యులైటిస్ తీరు వేరు. దీనికి ప్రధాన కారకమైన బ్యాక్టీరియాను 1880 ప్రాంతంలో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీముగడ్డల నుంచి సేకరించిన చీములో, ద్రాక్షగుత్తుల్లా గుమిగూడిన గుండ్రని కణాలుగా గుర్తించి స్టెఫైలోకాకస్ అని నామకరణం చేయగా, 1884లో జర్మన్ వైద్యుడు రోజెన్‌బాక్ వాటిలో బంగారు వన్నె తేలేదానిని ఆరియస్ అనే జాతిగా వేరుచేశాడు. ఆరోగ్యవంతుల్లోనూ దాదాపు మూడోవంతు మంది ముక్కు ముందుభాగంలో ఏ బాధా కలిగించకుండా ఉండే ఈ సూక్ష్మజీవి, గోకుడు వల్లనో క్షవరపు కత్తి గాటు వల్లనో చర్మం చిట్లగానే రోమకూపంలోకి దిగుతుంది. అది పైపైనే ఉంటే మధ్యలో వెంట్రుక, చుట్టూ ఎర్రని వలయం గల చిన్న చీముపొక్కు వస్తుంది. లోతుకు దిగితే పల్లెల్లో సెగగడ్డ అనేది తయారవుతుంది. పక్కపక్కనున్న అనేక రోమకూపాలు చర్మం అడుగున కలిసిపోతే, మధుమేహం ఉన్నవారిలో ఎక్కువగా కనిపించే, జ్వరం కూడా తెప్పించే కార్బంకుల్ ఏర్పడుతుంది. తువ్వాలు, పరుపు, క్షవరపు కత్తి పంచుకునేవారి మధ్య ఈ సూక్ష్మజీవి సులువుగా వ్యాపిస్తుంది కనుక, ఒకే గదిలో పలువురు సర్దుకుని బతికే వలస శ్రామికులకు ఇది వ్యక్తిగత శుభ్రతకు మాత్రమే సంబంధించిన విషయంగా మిగలదు. గాలి ఆడని షెడ్డుకూ చాలీచాలని నీటికీ ఇందులో భాగముంది.

మొటిమలను గుర్తించడానికి అన్నిటికంటే నమ్మదగిన ఆనవాలు కామెడోనే. నెలల తరబడి ముఖంపై, ఛాతీపై నల్లమొనలు, తెల్లమొనలు, చీముపొక్కులు వేర్వేరు దశల్లో కలగలిసి కనిపిస్తే అది మొటిమ. ఒక్క మొనా లేకుండా, రెండు మూడు రోజుల్లోనే ఒకే తీరు పొక్కులు దురదతోనో మంటతోనో పుట్టుకొస్తే ఫాలిక్యులైటిస్‌ను అనుమానించాలి. అయితే యంత్రాల దగ్గర పనిచేసేవారి విషయంలో ఈ సూత్రానికి ఒక మినహాయింపు ఉంది: ఖనిజతైలం రోమకూపాల మూతులను పూడ్చడం వల్ల, నూనె తడిసిన బట్ట తగిలే ముంజేతులపైనా తొడలపైనా నల్లమొనలు వస్తాయి. అక్కడ సూక్ష్మజీవిని చంపే మందు కంటే నూనె బట్టలు మార్చుకోవడమే అసలు చికిత్స.

గుర్తించడంలో జరిగే పొరపాటు చికిత్సలో హానిగా మారడం ఇక్కడ అత్యంత ఆందోళనకరమైన విషయం. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మిశ్రమ లేపనాల్లో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపునూ దురదనూ వెంటనే అణచి నయమైందనే భ్రమ కలిగిస్తుంది, కానీ చర్మపు రక్షణశక్తిని కూడా అణచివేయడం వల్ల సూక్ష్మజీవి లోలోపల బలపడుతుంది, ఎక్కువకాలం వాడితే స్టెరాయిడ్ వల్లనే మొటిమలను పోలిన పొక్కులు లేస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి లేపనాల్లో అనేకాన్ని షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చి, వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలని నిర్దేశించడానికి కారణం ఈ దుర్వినియోగమే.

యాంటీబయాటిక్‌ల కథ మరింత చిక్కైనది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నేతృత్వం వహిస్తున్న రోజుల్లో, అక్కడి శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వెలికితీసిన ఆరియోమైసిన్ 1948లో వాడుకలోకి వచ్చి, టెట్రాసైక్లిన్ అనే ఔషధ కుటుంబానికి ఆద్యమైంది. ఆ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ మొటిమలనూ తగ్గిస్తుంది, కొన్ని స్టెఫైలోకాకస్ వ్యాధులనూ తగ్గిస్తుంది; అందువల్ల మందుకు గుణం కనిపించినంత మాత్రాన వ్యాధి ఏదో తేలిపోయినట్లు కాదు. పైగా మొటిమలకు నెలల తరబడి ఇటువంటి మందులు మింగినవారిలో, ముక్కులోని సహజ సూక్ష్మజీవులు తగ్గి క్లెబ్సియెల్లా వంటివి ఆ చోటును ఆక్రమించడం వల్ల ముక్కు, నోటి చుట్టూ కొత్తగా చీముపొక్కులు వస్తాయని 1968లోనే అమెరికన్ చర్మవైద్యులు వివరించారు. మలసీజియా అనే ఈస్ట్ కూడా యాంటీబయాటిక్ వాడకం తర్వాత, చెమట పట్టే వీపుపైన, ఛాతీపైన ఒకే పరిమాణంలో దురదపొక్కులు లేపుతుంది. ఇది శిలీంధ్రం కాబట్టి, బ్యాక్టీరియా మందు కొనసాగించిన కొద్దీ పెరుగుతుంది.

పైపై ఫాలిక్యులైటిస్ చాలాసార్లు రోజూ స్నానం, వదులైన నూలు బట్టలు, బెంజాయిల్ పెరాక్సైడ్ లేదా క్లోర్‌హెక్సిడిన్ ఉన్న ద్రావణంతో కడగడం వంటి చర్యలతోనే తగ్గిపోతుంది. సెగగడ్డకు వెచ్చని తడిగుడ్డతో కాపడం పెట్టి, పండిన తరువాత వైద్యుని చేత చీము తీయించాలే తప్ప గోళ్లతో చిదమరాదు. ముఖ్యంగా ముక్కుకూ పైపెదవికీ మధ్యనున్న భాగపు సిరలకు మెదడు అడుగున ఉన్న రక్తమార్గాలతో సంబంధం ఉండటం వల్ల, అక్కడి చీము అరుదుగానైనా ప్రాణాపాయం తేగలదు. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫైలోకాకస్ 1961లోనే ఇంగ్లండ్‌లో బయటపడి నేడు ప్రపంచమంతటా ఉన్నందున, గడ్డలు పదేపదే వస్తున్నవారికి చీమును కల్చర్ పరీక్షకు పంపి ఏ మందుకు లొంగుతుందో తేల్చుకోవడం, రక్తంలో చక్కెర చూడటం, ముక్కులో ఈ సూక్ష్మజీవి స్థావరం ఉందేమో పరిశీలించి ఉంటే మ్యూపిరోసిన్ లేపనంతో తొలగించడం, అదే సమయంలో ఒకే గదిలో ఉండేవారిని కూడా పరీక్షించడం చికిత్సలో భాగమవుతాయి.