గడ్డినదిలో కొండచిలువ

2017 జనవరిలో మన దక్షిణదేశము నుండి ఇద్దరు మనుష్యులు విమానమెక్కి అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమునకు వెళ్లినారు. వారి పేర్లు మాసి సడయన్, వడివేల్ గోపాల్. ఇద్దరును తమిళనాడున తరతరములుగా పాములు పట్టి బ్రతుకుచున్న ఇరుల తెగవారు. ఫ్లారిడా విశ్వవిద్యాలయమువారు వారిని రప్పించినది పాములు పట్టుట కొరకే. ఆకాశమున ఉపగ్రహములను నిలిపి భూమి మీది ఆకు కదలికను సైతము గమనింపగల దేశము, తన పెరటిలో దాగిన పామును కనిపెట్టలేక మన గ్రామసీమలలోని వేటగాండ్రకు కబురంపవలసి వచ్చినది. ఈ వింతకు వెనుక కథ పెద్దదే యున్నది.

ఫ్లారిడా దక్షిణ భాగమున ఎవర్‌గ్లేడ్స్ అను విశాలమైన చిత్తడినేల కలదు. భూపటమున చూచినచో అది కర్కటరేఖకు కొంచెము ఉత్తరమున నుండును. ఒకీచోబీ అను గొప్ప సరస్సు పొర్లగా వచ్చిన నీరు పలుచని దుప్పటివలె నేలపై పరచుకొని, కంటికి తెలియనంత నెమ్మదిగా సముద్రము వైపు సాగుచుండెడిది. తరువాతి కాలమున త్రవ్విన కాలువలును, వేసిన గట్లును ఆ దారిని చాల వరకు మార్చివేసినవి. నీటిలో మనిషి లోతున గడ్డి పెరుగును; ఆ గడ్డి అంచులు రంపపు పళ్లవలె నుండి చేతికి తగిలినచో కోయును. మార్జొరీ స్టోన్‌మన్ డగ్లస్ అను రచయిత్రి 1947లో ఈ సీమను గూర్చి వ్రాసిన గ్రంథమున దీనిని గడ్డినది యని పిలిచినది. ఆ యేడే అది జాతీయవనమైనది. కొల్లేటి గట్టున నిలిచి కొంగల బారులను చూచినవారికి ఆ దృశ్యమును ఊహించుకొనుట కష్టము కాదు. అయితే అచటి నీటిలో రెండు జాతుల మొసళ్లు కలిసి నివసించును. అమెరికా మొసలియు, అలిగేటరు అను వెడల్పు మూతి మొసలియు.

ఇట్టి చోటికి బర్మా కొండచిలువ తనంతట తాను ఈదుకొని పోలేదు. దాని పుట్టినిల్లు బర్మా, సయాము, దక్షిణ చీనా ప్రాంతములు. మన ఈశాన్య రాష్ట్రములలో కూడ అది కలదు. మన నల్లమలలో కనబడు కొండచిలువకు అది మిక్కిలి దగ్గరి చుట్టము. 2009 వరకు శాస్త్రజ్ఞులు ఈ రెంటిని ఒకే జాతిగా లెక్కించినారు. అమెరికాలో పాములను ముచ్చటకు పెంచుకొను అలవాటు కొందరికి కలదు. గుడ్డు నుండి అప్పుడే వెలువడిన పిల్ల మూరెడు పొడవున, అందమైన మచ్చలతో, సాధువుగ నుండును. 1996 మొదలు 2006 వరకు పదేండ్లలో ఆ దేశమునకు దిగుమతి యైన ఈ జాతి పాములు లక్షకు కొంచెము తక్కువ. కాని కొన్నియేండ్లలోనే ఆ పిల్ల పదియడుగులు దాటును. పెట్టె చాలదు, ఆహారమునకు ఎలుక చాలదు, ఇంటివారికి ధైర్యము చాలదు. చంపుటకు మనసొప్పక, ఉంచుకొనుటకు వీలులేక, ఒకరాత్రి బండిలో తీసికొనిపోయి గడ్డిలో విడిచివచ్చినవారు ఎందరో! వారు దయగల పని చేసితిమనియే తలచి యుందురు.

1979లోనే అచట ఒక కొండచిలువ కనబడినది. అవి అచటనే గుడ్లు పెట్టి వృద్ధియగుచున్నవని 2000 సంవత్సరమున గాని అధికారులు గుర్తింపలేదు. 1992 ఆగస్టున ఆండ్రూ అను పెనుతుఫాను వచ్చి, పాములు పెంచు ఒక కట్టడమును కూల్చివేసినది. అందుండి తప్పించుకొన్న పాములే ఈ ఉపద్రవమునకు కారణమని పలువురు చెప్పుదురు. తుఫానుపై నేరము మోపుట మనుష్యులకు సుఖముగ నుండును. కాని పాములు అంతకు ముందే అచట స్థిరపడినవని పరిశోధకుల అంచనా.

పాము ప్రవేశించిన పిదప అడవి ఏమైనది? ఈ ప్రశ్నకు సమాధానము 2012లో వచ్చినది. పరిశోధకులు రాత్రులయందు బండిపై వనములోని దారుల వెంట వేలాది మైళ్లు తిరిగి, కనబడిన జంతువులను లెక్కించి, పూర్వపు లెక్కలతో పోల్చినారు. రకూన్ అను, కండ్లచుట్టు నల్లని గంతవంటి చారగల జంతువు నూటికి 99 వంతులు తగ్గినది. పిల్లలను పొట్టసంచిలో మోయు అపోసమును అంతే. బాబ్‌క్యాట్ అను అడవిపిల్లి నూటికి 87 వంతులకు పైగా తగ్గినది. కుందేళ్లు అసలు కనబడనే లేదు. అవి నిజముగ పాముల వలననే పోయినవా యను సందేహము తీర్చుటకు మరికొందరు చిత్తడి కుందేళ్లకు రేడియో యంత్రములు కట్టి వనములో విడిచినారు. చచ్చిన కుందేళ్లలో నూటికి 77 పాము కడుపున బడినవని 2015లో ప్రకటించినారు.

ఇందొక సంగతి గమనింపవలెను. ఆ కుందేలు మందమతి కాదు. గ్రద్దను ఎరుగును, మొసలిని ఎరుగును, పిల్లి అడుగు సవ్వడిని ఎరుగును. కాని నీటిలో కర్రవలె పడియుండి, పెదవులపై నున్న గుంటలతో వెచ్చని రక్తపు జాడను పసికట్టి, నెలల తరబడి ఆకలి నోర్వగల ఇంతటి శత్రువును దాని తాతలు ఎన్నడును చూడలేదు. పెద్దలు నేర్పని పాఠమును అది ఎట్లు నేర్చును? బర్మా అడవులలో కుందేళ్లును కొండచిలువలును వేలయేండ్లు కలిసి పెరిగినవి. అచట రెండును మిగిలినవి.

జంతువులు తగ్గగా దోమలు సైతము తమ భోజనము మార్చుకొన్నవి. పెద్ద జంతువుల రక్తము దొరకక అచటి ఒక జాతి దోమ ఎక్కువగా ఎలుకలనే కుట్టుచున్నది. ఆ ఎలుకలయందు మనుష్యులకు మెదడువాపు కలిగింపగల ఒక వ్యాధిబీజము వసించును. పామును ఎన్నడును చూడని మనిషికి కూడ పాము వలన అపాయము చేరు దారి యిది. కొండచిలువలతో వచ్చిన ఒక ఊపిరితిత్తుల పరాన్నజీవి స్థానికమైన పాములకు సోకి వాటిని కూడ చంపుచున్నది.

కొండచిలువ ఒంటరి అతిథి కాదు. దక్షిణ అమెరికా నుండి వచ్చిన పచ్చని ఇగ్వానాలు కాలువగట్లలో బొరియలు త్రవ్వి గట్లను గుల్ల చేయుచున్నవి. చలి మిక్కుటమైన రాత్రులలో అవి కొయ్యబారి చెట్ల మీదనుండి రాలిపడును. టెగు అను పెద్ద బల్లి మొసలిగుడ్లను, తాబేటిగుడ్లను మెక్కును. ఆఫ్రికా నుండి వచ్చిన నైలునది ఉడుమును అచట కాపురమున్నది. వీటిలో పెక్కింటి మూలము అంగడియే. మన పట్టణములలోని చేపలతొట్ల దుకాణములయందు చెవులవద్ద ఎర్రచార గల చిన్న తాబేలు అమ్మబడుచుండుట విద్యార్థులు చూచియే యుందురు. అదియు అమెరికా బిడ్డయే. రూపాయి బిళ్లంత యున్నప్పుడు కొని, పళ్లెమంతైన పిదప చెరువులో విడిచిన ఇండ్లు ఈ దేశమునను కలవు.

పామును పట్టుటకు అమెరికావారు చేయని ప్రయత్నము లేదు. 2013లో బహుమతులు ప్రకటించి పోటీ పెట్టగా సుమారు 1600 మంది పాల్గొన్నారు. దొరికినవి 68 పాములు మాత్రమే. చిక్కు యెక్కడ నున్నదనగా, పాము కనబడదు. అడుగు దూరమున నున్నను గడ్డియు, నీడయు, దాని మచ్చలును ఒక్కటై పోవును.

ఇట్టి సమయమున మాసి సడయన్, వడివేల్ గోపాల్ అచటికి చేరినారు. ఇరులవారును మన నెల్లూరి యానాదుల వలెనే చేలగట్లపై ఎలుక బొరియలు వెదకుటలో ఆరితేరినవారు. ఒకప్పుడు పాముచర్మములు అమ్మి బ్రతికిరి. 1972 నాటి వన్యప్రాణి చట్టముతో ఆ వృత్తి మూతబడగా, 1978లో సహకార సంఘముగ నేర్పడి, పాముకాటు మందు కొరకు విషము తీసి, పామును మరల అడవిలో విడుచుట జీవనోపాధిగ జేసికొన్నారు. ఫ్లారిడా వేటగాండ్రు బండ్లపై గట్లవెంట తిరుగుచుండగా వీరు కాలినడకన దట్టమైన పొదలలోనికే దూరినారు. పామును వెదకుటకు ముందు అది విడిచిన జాడను వెదకినారు: ఇసుకలో ఒక గీత, విడిచిన కుబుసము, మలము, వాసన. ఎనిమిది దినములలో 13 పాములు పట్టినారు. వాటిలో పదునారడుగుల ఆడుపాము కీ లార్గో దీవిలో, పాడుబడిన క్షిపణిశాల శిథిలములలో దొరికినది. ఆకాశమును కాపుకాయుటకు కట్టిన కట్టడములో పాము కాపురమున్నది! ఈ యిద్దరికిని 2023లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చినది.

పట్టిన పామును అచట చంపవలసియే యుండును. మన దేశమున కొండచిలువను చంపినవాడు కారాగారమునకు పోవును. అది చట్టపు ప్రథమ పట్టికలో రక్షణ పొందిన ప్రాణి. బర్మా కొండచిలువయు తన స్వస్థలములలో చర్మపు వ్యాపారము వలనను, అడవుల నాశము వలనను తగ్గిపోవుచు, ప్రమాదమున నున్న జాతుల పట్టికకు ఎక్కినది. పుట్టినింట కరవు, పరాయి యింట పెల్లుబుకుట: ఒకే ప్రాణికి ఒకే కాలమున ఈ రెండును సంభవించినవి. ఫ్లారిడాలో ఇంతవరకు ఇరువది వేలకు పైగా పట్టినారు. ఎన్ని మిగిలినవో లెక్కకు అందదు.

ఇప్పుడచట ఒక క్రొత్త ఉపాయము నడచుచున్నది. మగపామును పట్టి, దాని శరీరములో చిన్న రేడియో యంత్రము నుంచి విడుతురు. శీతకాలమున అది జోడును వెదకుచు పోవును. మనుష్యులు ఆ సంకేతమును అనుసరింతురు. అట్లు దొరికిన ఒక ఆడుపాము 215 పౌనులు తూగినదనియు, దాని కడుపున 122 గుడ్లు ఎదుగుచుండెననియు 2022లో ప్రకటించినారు. ఆడుపామును తీసికొనిపోయిన పిదప మగదానిని మరల గడ్డిలో విడిచివేయుదురు. అది తాను చేసిన దేమియో ఎరుగక, మరుసటి శీతకాలమున మరల వెదకుటకు బయలుదేరును.