చెట్టు నీడా, ఏటి గట్టూ... టెంటు ఎక్కడ వేయాలి?

మెల్‌బోర్న్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే మాట్లాడుకునేవి మూడే విషయాలు: పీఆర్, ఇల్లు, లాంగ్ వీకెండ్‌కి ఎక్కడికి వెళ్ళాలి. మొదటి రెండింటికీ ఏజెంట్లున్నారు. మూడోదాని గురించి, అందులోనూ టెంటు క్యాంపింగ్ గురించి, నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుదామని ఈ ప్రయత్నం. ఇందులో కొంత చదివి తెలుసుకున్నది, కొంత దెబ్బ తిని తెలుసుకున్నది.

ముందు ఆ దెబ్బ సంగతి చెప్తాను. నేనిక్కడ మాస్టర్స్ చేసి, ఉద్యోగంలో కుదురుకున్నాక అమ్మానాన్నలు ఒంగోలు నుంచి మొదటిసారి వచ్చారు. అందరం కలిసి విక్టోరియా హై కంట్రీలో ఒక నది పక్కకి క్యాంపింగ్‌కి వెళ్ళాం. ఎండగా ఉంది. గట్టు మీద ఓ మహావృక్షం, దాని కింద చల్లటి నీడ. నేను కొంచెం అవతల వేద్దామా అంటే నాన్నగారు, "ఇంత మంచి నీడ వదిలేసి ఎండలో వేస్తావేంట్రా?" అన్నారు. నిజమే కదా అనిపించింది. కొమ్మలు విరిగి పడవచ్చని దారిలో బోర్డు కూడా చదివాను. లాయర్ల భయంతో పెట్టి ఉంటారులే అనుకున్నాను.

రాత్రి రెండింటికి తుపాకీ పేలినట్టు చప్పుడు. గాలి లేదు, వాన లేదు. లేచి టార్చి వేసి చూస్తే, నా నడుమంత లావు కొమ్మ నేల మీద ఉంది. సాయంత్రం నాన్నగారు కూర్చుని టీ తాగిన కుర్చీ దాని కింద నలిగిపోయింది. మా పాప పడుకున్న చోటికి అది నాలుగడుగుల దూరం. మిగతా రాత్రంతా అందరం కార్లో కూర్చున్నాం. ఎవరూ మాట్లాడలేదు.

తెల్లవారాక పక్క టెంటు పెద్దాయన వచ్చి ఒకే మాట చెప్పాడు: ఇక్కడ టెంటు వేసేవాడు మొదట పైకి చూడాలి, తరవాతే కిందకి.

చెట్టు

మన వేపచెట్టు, చింతచెట్టు ఇచ్చిన నమ్మకాన్ని ఇక్కడి గమ్ చెట్లకి ఇవ్వకూడదు. ఇవి యూకలిప్టస్ జాతివి. ప్రకాశం జిల్లాలో కాగితం మిల్లుల కోసం వేసే జామాయిల్ చెట్లకి చుట్టాలే. కాకపోతే అక్కడ లేతగా ఉండగానే కొట్టేస్తారు, ఇక్కడ వందల ఏళ్ళు బతుకుతాయి. ముదిరిన చెట్లు, ముఖ్యంగా నదుల పక్కన పెరిగే రివర్ రెడ్ గమ్, గాలి లేని వేసవి రోజున కూడా పచ్చి కొమ్మని ఉన్నట్టుండి వదిలేస్తాయి. అందుకే టెంటు, కుర్చీలు, కారు మూడూ కొమ్మల గొడుగుకి బయట ఉండాలి. నీడ కావాలంటే టార్పాలిన్ కట్టుకోండి, లేదా పొట్టి చెట్లు చూసుకోండి.

లోయ

మాన్స్‌ఫీల్డ్ దాటాక హౌక్వా నది లోయలో షీప్‌యార్డ్ ఫ్లాట్ లాంటి చోట్లున్నాయి. ఒకప్పుడు బంగారం కోసం తవ్విన ప్రాంతం. చదునైన పచ్చిక, పక్కనే నది. పిల్లలతో వెళ్ళడానికి బాగుంటుంది. అయితే లోయకి రెండు గుణాలున్నాయి.

ఒకటి చలి. మబ్బులేని రాత్రి కొండవాలు మీద చల్లబడ్డ గాలి బరువెక్కి, నీళ్ళలాగే పల్లానికి జారి లోయ అడుగున నిలుస్తుంది. అందుకే నది అంచున ఉన్న టెంటు కంటే కాస్త ఎత్తున, వాలు మీద చదునైన మెట్టులాంటి చోట వేసిన టెంటు వెచ్చగా ఉంటుంది. మంచుకి తడవడం కూడా తక్కువ.

రెండోది వరద. మన నెత్తిన చుక్క పడకపోయినా పైన కొండల్లో కురిస్తే నది పెరుగుతుంది. పొదల్లో ఎండుగడ్డి, పుల్లలు ఎంత ఎత్తున చిక్కుకున్నాయో చూడండి. వరద వచ్చినప్పుడు నీళ్ళు అక్కడిదాకా వచ్చాయన్నమాట. 2022 అక్టోబరులో గోల్‌బర్న్ నది సీమోర్, షెపర్టన్ ఊళ్ళని ముంచెత్తింది. హౌక్వా నది కలిసేది అదే గోల్‌బర్న్ నీళ్ళని ఆపే లేక్ ఐల్డన్‌లో.

చెరువు

చెరువు అన్నాను గానీ లేక్ ఐల్డన్ నిజానికి రిజర్వాయరు. నిండితే 3,334 గిగాలీటర్లు. మన లెక్కలో సుమారు 118 టీఎంసీలు, అంటే శ్రీశైలంలో సగం కంటే కొంచెం ఎక్కువ. దీని ఒడ్డున నేషనల్ పార్కులో ఫ్రేజర్ క్యాంపింగ్ ఏరియా ఉంది. స్నానాల గదులున్నాయి, సాయంత్రమైతే కంగారూలు టెంట్ల మధ్య తిరుగుతుంటాయి. మొదటిసారి వెళ్ళే కుటుంబాలకి నేను చెప్పేది ఇదే. ముందుగా బుక్ చేసుకోవాలి.

సాగునీటి కోసం వదులుతారు కాబట్టి వేసవి చివరికి నీటిమట్టం తగ్గి, ఫోటోలో చూసిన నీలిరంగు ఒడ్డు బురద గట్టయి కనిపించవచ్చు. వెళ్ళే ముందు మట్టం ఎంతుందో చూసుకోండి. నీళ్ళ అడుగున పాత చెట్ల మోడులుంటాయి, పిల్లల్ని దూకనివ్వకండి. విశాలమైన నీటి మీద గాలికి అడ్డు ఉండదు, అందుకని టెంటు మరీ అంచున వద్దు.

కొండ

మౌంట్ బఫెలో మీద లేక్ కటానీ పక్కన క్యాంప్ ఉంది. 1910లో కట్టిన ఈ చెరువుకి కార్లో కటానీ అనే ఇంజనీరు పేరు పెట్టారు. ఎత్తు దాదాపు 1,300 మీటర్లు. వెయ్యి మీటర్లకి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనే లెక్కన, మెల్‌బోర్న్‌లో 20 ఉంటే అక్కడ 12. చలికాలంలో మూసేస్తారు. జనవరిలో వెళ్ళినా స్వెట్టర్లు, కింద పరుచుకోవడానికి మంచి మ్యాట్ తప్పనిసరి. పైన దుప్పటి ఎన్ని కప్పినా నేల కిందనుంచి వేడి లాగేస్తుంది.

సొంతంగా చోటు వెతుక్కునేవాళ్ళు శిఖరం మీద, వెన్నుగట్టు మీద వేయకండి. గాలి, పిడుగు రెండూ అక్కడే. రెండు కొండల మధ్య కనుమ కూడా వద్దు, గాలికి అది గరాటు.

వాస్తు

నవ్వకండి. విక్టోరియా వేసవిలో ఉత్తరం నుంచి వేడిగాలి కొట్టి కొట్టి, ఒక్కసారిగా నైరుతి నుంచి చల్లగాలి విరుచుకుపడుతుంది. నైరుతి మూల బరువుండాలని మన వాస్తు చెప్తుంది కదా! కారుని టెంటుకి నైరుతిలో ఆపితే గాలికి అడ్డు. గుమ్మం తూర్పుకి పెడితే పొద్దుటి ఎండకి టెంటు త్వరగా ఆరుతుంది. ఈ ఒక్క విషయంలో నాన్నగారి మాట నెగ్గింది.

నిప్పు

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి ఉంచాను. 2009 ఫిబ్రవరి 7న, బ్లాక్ సాటర్‌డే మంటల్లో 173 మంది పోయారు. దాదాపు తుడిచిపెట్టుకుపోయిన మేరీస్‌విల్ ఊరు ఐల్డన్‌కి ఎంతో దూరం కాదు. 2022 నుంచి దేశమంతటా మంటల ప్రమాదానికి నాలుగు స్థాయిలు: మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కటాస్ట్రఫిక్. చివరి రెండిట్లో ఏది ఉన్నా డబ్బు పోయినా సరే ప్రయాణం మానుకోండి. చాలా లోయలకి వెళ్ళడానికీ రావడానికీ ఒకటే రోడ్డు, ఫోన్ సిగ్నల్ ఉండదు. విక్‌ఎమర్జెన్సీ యాప్, పార్క్స్ విక్టోరియా సైటులో మూసివేతలు ఇంట్లోనే చూసుకోండి. టోటల్ ఫైర్ బ్యాన్ రోజున కట్టెల మంట పూర్తిగా నిషేధం, గ్యాస్ స్టవ్‌కి కూడా షరతులుంటాయి. మనకేం బాధ? పులిహోర, దద్దోజనం ఉండగా పొయ్యితో పనేముంది!

ఇప్పుడు మేం చేరగానే చేసేది ఇంతే. కారు దిగి సామాను ముట్టుకోకుండా పది నిమిషాలు నడుస్తాం. పైన కొమ్మలు, కింద పల్లం, వరద గుర్తులు, గాలి వచ్చే దిక్కు, బయటికి పోయే దారి. చీకటి పడ్డాక ఇవేవీ కనపడవు కాబట్టి వెలుగుండగానే చేరతాం.

నాన్నగారు మళ్ళీ రెండుసార్లు వచ్చారు, రెండుసార్లూ మాతో క్యాంపింగ్‌కి వచ్చారు. కుర్చీ వేసుకునే ముందు తలెత్తి పైకి చూడడం ఆయనకి అలవాటైపోయింది. ఒంగోల్లో వేపచెట్టు కింద కూడా అలాగే చూస్తున్నారని అమ్మ ఫోన్లో చెప్పి నవ్వుతుంది.

రాబోయే లాంగ్ వీకెండ్‌కి మీరూ బయలుదేరండి. శుభయాత్ర!