క్లాసు కోసం పుస్తకం జిరాక్స్ తీయిస్తే కాపీరైట్ కేసు అవుతుందా? లెక్చరర్లకు చట్టం ఇచ్చే వెసులుబాటు ఎంత?

సెమిస్టర్ మొదలైంది. సిలబస్‌లో ఉన్న పుస్తకం ధర వేలల్లో ఉంది. లైబ్రరీలో ఒకే కాపీ, క్లాసులో అరవై మంది. రెండు చాప్టర్లు జిరాక్స్ తీయించి ఇద్దామని మీరు అనుకుంటారు. ‘పది శాతం దాటితే కేసవుతుంది’ అని ఒక కొలీగ్ భయపెడతారు. ‘చదువు కోసమైతే ఏం చేసినా ఫర్వాలేదు’ అని ఇంకొకరు ధైర్యం చెబుతారు. ఇద్దరి మాటా తప్పే.

చట్టంలో ఏముంది?

కాపీరైట్ చట్టం-1957లోని సెక్షన్ 52(1)(ఐ) ప్రకారం బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ ఒక రచనను కాపీ చేస్తే అది ఉల్లంఘన కాదు. ప్రశ్నపత్రంలో వాడినా, జవాబులో రాసినా అంతే. ఇన్ని పేజీలు, ఇంత శాతం అనే లెక్క ఆ క్లాజులో లేదు. పది శాతం మాట ఉన్నది యూజీసీ 2018లో తెచ్చిన ప్లేజియరిజం నిబంధనల్లో. అది థీసిస్‌లు, పరిశోధన పత్రాల్లో పోలికల సంగతి. మీ జిరాక్సుకు దానితో పని లేదు.

ఢిల్లీ జిరాక్స్ షాపు కేసు

ఈ క్లాజు అసలు బలం తేలింది ఒక జిరాక్స్ షాపు వల్లే. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ మీద, ఢిల్లీ యూనివర్సిటీ మీద 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు కేసు వేశాయి. సిలబస్‌లోని చాప్టర్లను ఒకచోట చేర్చి, ‘కోర్స్ ప్యాక్’లుగా బైండ్ చేసి అమ్ముతున్నారన్నది వాటి ఫిర్యాదు. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి కేసు కొట్టేశారు.

డిసెంబరులో డివిజన్ బెంచ్ ఇంకాస్త లోతుకు వెళ్లింది. బోధన అంటే క్లాసులో పాఠం చెప్పే గంట మాత్రమే కాదంది. ఎన్ని పేజీలు కాపీ చేశారన్నది కాదు, బోధనకు ఆ మేరకు అవసరమా అన్నదే కొలమానమంది. ఆ ప్యాక్‌లలో చేర్చినవన్నీ కోర్సుకు అవసరమేనా అన్నది మాత్రం విచారణలో తేల్చాలంది. ఆ విచారణ జరగలేదు. 2017 మార్చిలో ప్రచురణ సంస్థలు కేసు వెనక్కి తీసుకున్నాయి. మే నెలలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు.

మీకు దీని అర్థం?

సిలబస్‌లోని ఏ అంశానికి ఏ చాప్టర్ అన్నది ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. రేపు ఎవరైనా అడిగితే మీకు అక్కరకొచ్చేది అదే. పుస్తకం మొత్తం స్కాన్ చేసి ఇచ్చారనుకోండి, అదంతా కోర్సుకు అవసరమేనని మీరు చూపించుకోవాలి. అది అంత తేలిక కాదు.

పీడీఎఫ్ మీ క్లాసు విద్యార్థులకే అందేలా గూగుల్ క్లాస్‌రూమ్‌లో పెట్టడం ఒక సంగతి. ఎవరైనా చేరగలిగే టెలిగ్రామ్ ఛానల్‌లో పెట్టడం వేరు. అక్కడ ‘బోధనలో భాగం’ అన్న వాదన నిలబడటం కష్టం. యూట్యూబ్‌లో పెట్టే పాఠాలకూ ఇదే జాగ్రత్త.

అసలు జర్నల్ వ్యాసాలకు చాలాసార్లు కాపీ అవసరమే ఉండదు. 2025 జనవరి 1న మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ఉస్మానియా, ఆంధ్ర వంటి రాష్ట్ర యూనివర్సిటీలూ దీని పరిధిలోకే వస్తాయి. పీడీఎఫ్ బదులు లింకు పంపితే సరిపోతుంది.

పాత రచనలైతే రచయిత మరణించాక 60 ఏళ్లకు కాపీరైట్ పోతుంది. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి దాకా రక్షణ ఉంది. కాలేజీలో సినిమా చూపించాలంటే, అది సంస్థ కార్యక్రమాల్లో భాగమై, ప్రేక్షకులు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల వంటి వారికే పరిమితమైతే మినహాయింపు ఉంది.

మీ సొంత నోట్స్ ఎవరివి?

చాలామంది పట్టించుకోని ప్రశ్న ఇది. సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని సంస్థే తొలి హక్కుదారు. అందుకే వీడియో పాఠాలు రికార్డు చేసే ముందు నియామక పత్రం, యూనివర్సిటీ ఐపీఆర్ పాలసీ చదవండి. పుస్తకం హక్కులు ప్రచురణకర్తకు రాసిచ్చేటప్పుడు కాలవ్యవధి చూసుకోండి. అది రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా పరిగణిస్తుంది.

సందేహం వస్తే ముందు మీ లైబ్రేరియన్‌ను అడగండి. చాలా యూనివర్సిటీల్లో ఐపీఆర్ సెల్ కూడా ఉంటుంది. ప్రచురణ సంస్థ నుంచి లీగల్ నోటీసు వస్తే మాత్రం మీరే జవాబు రాయకండి. అదే రోజు రిజిస్ట్రార్ కార్యాలయానికి రాతపూర్వకంగా అందించి, అందినట్టు రసీదు తీసుకోండి.