అణు రియాక్టరులో లోహాల వార్ధక్యం

లోహం అనగానే దృఢత్వం మన స్ఫురణకు వస్తుంది. ఇనుము తుప్పు పట్టవచ్చు, రాగి కిలుము పట్టవచ్చు. కాని అవి పైపై మార్పులేనని భావిస్తాం. లోపలి నుండి, కంటికి కనబడకుండా లోహానికి వార్ధక్యం రావడం అణు రియాక్టరులో జరిగే విశేషం. అది ఎట్లు కలుగుతుందో, దానిని గమనించకపోతే ఏమవుతుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మన దేశంలోని 220 మెగావాట్ల భారజల రియాక్టరును ఉదాహరణగా తీసుకుందాం. అందులో 306 పీడన నాళాలుంటాయి. ఒక్కొక్క నాళం వ్యాసం సుమారు 8 సెంటీమీటర్లు. గోడ మందం సుమారు 4 మిల్లీమీటర్లు మాత్రమే. లోపల యురేనియం ఇంధనం, దాని వేడిని గ్రహిస్తూ ప్రవహించే భారజలం ఉంటాయి. ఆ జలం ఉష్ణోగ్రత 300 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరువగా, పీడనం వాతావరణ పీడనానికి 80 రెట్లకు పైగా ఉంటుంది. న్యూట్రానులను అతి తక్కువగా మింగే లోహం గనుక ఈ నాళాలకు జిర్కోనియం మిశ్రమాన్ని ఎన్నుకున్నారు. వీటిని తయారుచేసేది 1971లో స్థాపితమైన హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సే. కనుక ఇది మనకు దూరపు విషయం కాదు.

లోహంలో పరమాణువులు వరుసలు తీరి స్ఫటికంగా అమరి ఉంటాయి. యురేనియం విచ్ఛిత్తిలో వెలువడే న్యూట్రాను సగటు శక్తి సుమారు 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక జిర్కోనియం పరమాణువును స్వస్థానం నుండి పెకలించడానికి 40 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. క్యారమ్ బల్లపై స్ట్రైకరు తగిలిన కాయ మరికొన్ని కాయలను చెదరగొట్టినట్లు, న్యూట్రాను తగిలిన పరమాణువు వందలాది పరమాణువులను చెదరగొడుతుంది. వాటిలో అధిక భాగం క్షణంలో లక్షోవంతు కంటె ఎంతో తక్కువ కాలంలో తిరిగి కుదురుకుంటాయి. కుదురుకోని చోట ఒక ఖాళీ, మరొకచోట ఇరుక్కుపోయిన ఒక అదనపు పరమాణువు మిగులుతాయి. ఇట్టి లోపాలు సంవత్సరాల తరబడి పోగుపడతాయి.

ఫలితాలు ముఖ్యంగా మూడు. మొదటిది, స్ఫటిక పొరలు ఒకదానిపై ఒకటి జారడానికి ఈ లోపాలు అడ్డుపడతాయి. లోహం గట్టిపడుతుంది, కాని సాగే గుణం తగ్గి పెళుసుబారుతుంది. రెండవది, జిర్కోనియం స్ఫటికం అన్ని దిక్కులా ఒకే తీరుగా ఉండదు గనుక నాళం పొడవు పెరుగుతుంది. మూడవది, నిరంతర భారం క్రింద నాళం మెల్లమెల్లగా క్రిందికి వంగుతుంది.

ఈ మూడవ మార్పు ఎంత ప్రమాదకరమో కెనడాలోని పికరింగ్ కేంద్రంలో వెల్లడైంది. వేడి పీడన నాళం చుట్టూ చల్లని బయటి నాళం ఉంటుంది. రెండూ తాకకుండా వాటి నడుమ స్ప్రింగు వలయాలుంటాయి. అక్కడి రెండవ రియాక్టరులో ఒక నాళం వలయాలు స్థానం తప్పాయి. వంగిన నాళం చల్లని నాళాన్ని తాకింది. తాకిన చోట, లోహం క్రమంగా పీల్చుకున్న హైడ్రోజను చేరి పెళుసైన బొబ్బలు కట్టింది. 1983 ఆగస్టు 1న ఆ నాళం సుమారు 2 మీటర్ల పొడవున చీలింది. రియాక్టరును క్షేమంగా నిలిపివేయగలిగారు. ఇంధనానికి హాని కలుగలేదు.

ఆ గుణపాఠం వృథా కాలేదు. హైడ్రోజనును తక్కువగా పీల్చే జిర్కోనియం–నియోబియం మిశ్రమం వాడకం పెరిగింది. వలయాలను బిగుతుగా అమర్చసాగారు. రాజస్థానులోని రావత్‌భాటాలో రెండవ రియాక్టరును 1994లో నిలిపి, 306 నాళాలనూ మార్చి, 1998లో తిరిగి నడిపారు.

నాళాలను మార్చవచ్చు. మరి కొన్ని రకాల రియాక్టర్లలో ఇంధనమంతటినీ తనలో ఇముడ్చుకొన్న ఉక్కు పాత్రను మార్చడం దాదాపు అసాధ్యం. అందుచేత అదే ఉక్కు ముక్కలను ముందుగానే లోపల ఉంచి, నిర్ణీత కాలాలలో వెలికితీసి, విరిచి పరీక్షిస్తారు. పాత్ర రేపు ఎట్లుండునో ఆ ముక్కలు నేడే తెలుపుతాయి.

న్యూట్రాను దెబ్బలను మనం ఆపలేము, లెక్కించగలం. లోహం ప్రకృతి నియమాన్ని అనుసరించియే మారుతుంది, అకస్మాత్తుగా ద్రోహం చేయదు. దాని మార్పును క్రమం తప్పక కొలిచి, సకాలంలో తగిన చర్య తీసుకొనే బాధ్యత మనిషిది. విజ్ఞానశాస్త్రం అభ్యసించే మనవంటి విద్యార్థులలో కొందరు రేపు ఆ బాధ్యతను వహించవలసియున్నారు.