లెక్కకు చిక్కని కీర్తి: కల్యంపూడి రాధాకృష్ణారావుగారి పరిశోధనము

శ్రీనగర్ కాలనీలోను, దాని పొరుగుననున్న ఫిల్మ్‌నగరులోను చలనచిత్రముల ఘనతను నిర్ణయించునవి సంఖ్యలే. ఒకప్పుడు శతదినోత్సవము జరుపుకొన్న కేంద్రము లెన్నియని యడిగెడివారు. ఇప్పుడు తొలి మూడు దినములలో వచ్చిన కోట్లెన్నియని యడుగుచున్నారు. చిత్రము బాగున్నదా యను ప్రశ్న అటుపిమ్మట, తీరిక యున్నచో వచ్చును. ఈ వాడుకను జూచి విద్వాంసులు నవ్వుకొనుట కలదు. కాని నవ్వుటకు వారికి హక్కు లేదు. ఆ కాలనీకి చేరువనే పంజాగుట్టయందు నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ యున్నది. అట్టి సంస్థలలో నెల్ల, ఒక్క మన దేశముననే గాక ప్రపంచమంతటను, పరిశోధకుని యోగ్యతను నేడు సంఖ్యతోడనే కొలుచుచున్నారు. అతడు ప్రకటించిన వ్యాసము లెన్ని? వానిని ఇతరులు తమ వ్యాసములలో నెన్నిమారులు పేర్కొనిరి? ఇదియే ఉల్లేఖనముల లెక్క.

ఈ లెక్కకు మూలపురుషుడు అమెరికా దేశీయుడగు యూజీన్ గార్‌ఫీల్డు. ఈయన 1955లో ఈ యూహను ప్రకటించి, 1964లో విజ్ఞానశాస్త్రములకు ఉల్లేఖన సూచికను వెలువరించెను. ఒక వ్యాసము నెవరెవరు చదివి వాడుకొనిరో వెదకి తెలిసికొనుటకు అది మిక్కిలి యుపయోగకరమైన సాధనము. పిదప వెదకుటకు బుట్టినది తూచుటకు మరలెను. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఒక పరిశోధకుని జీవితకృషి నంతయు ఒకే యంకెగా కుదించు సూత్రమును చెప్పెను. ఇరువది సార్లయినను ఉల్లేఖింపబడిన వ్యాసములు ఇరువది యున్నవానికి ఇరువది, అంతే. మన వైద్యకళాశాలలలో ఉపాధ్యాయుల పదోన్నతులకు ప్రచురణములు కావలయునను నియమము గూడ దీనికి తోడయ్యెను.

ఈ త్రాసులో ఆంధ్రుడైన ఒక మహాగణాంకవేత్తను నిలిపి చూచినచో నేమగునో విచారింతము.

కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన, నాటి బళ్లారి మండలములోని హడగలియందు తెలుగు కుటుంబమున జన్మించిరి. ఎనిమిదవ సంతానము గనుక దేవకీదేవి యెనిమిదవ గర్భమున బుట్టిన కృష్ణుని పేరు పెట్టిరి. తండ్రిగారు పోలీసు ఉద్యోగి. బదిలీల వెంట బాలుని చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో సాగెను. ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు తల్లి లక్ష్మీకాంతమ్మగారు లేపి, నూనెదీపము వెలిగించి చదువుకు గూర్చుండబెట్టెడివారని వారే తమ గ్రంథమొకదాని యంకితమున కృతజ్ఞతతో స్మరించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు గణితమున ఉత్తీర్ణులై, యుద్ధకాలమున ఉద్యోగమునకై కలకత్తా వెళ్లిరి. ఆ యుద్యోగము లభింపలేదు. లభించి యుండినచో సైన్యపు భూమాపన శాఖలో నొక లెక్కలవాడు హెచ్చియుండును. ఆ నగరముననే మహలనోబిస్‌గారి భారత గణాంకశాస్త్ర సంస్థను జూచి, 1941లో అందు జేరిరి.

తరువాతి కథ విద్యార్థి యడిగిన ఒక ప్రశ్నతో ప్రారంభమగును. కలకత్తా విశ్వవిద్యాలయమున రావుగారు పాఠము చెప్పుచుండిరి. ఫిషరు పండితుని సిద్ధాంతము సామగ్రి అపారముగా నున్నప్పుడు వర్తించునని వివరించుచుండగా, సామగ్రి కొలదిగా నున్నప్పటి మాట యేమని దాండేకర్ అను శిష్యుడు ప్రశ్నించెను. అనంతర కాలమున మన దేశ దారిద్ర్యమును లెక్కించి ప్రసిద్ధికెక్కిన ఆర్థికశాస్త్రజ్ఞుడు ఈ దాండేకరే. గురువునకు సమాధానము తోపలేదు. ఆ రాత్రి కూర్చుండి సాధించి, మరునాడు తరగతిలో చెప్పిరి. గురువు వయస్సు అప్పటికి పాతిక నిండలేదు.

ఆ ఫలితము 1945లో కలకత్తా గణితసంఘ పత్రికయందు వెలువడెను. దాని తాత్పర్యము సామాన్యభాషలో జెప్పవచ్చును. గానుగవాడు ఎంతటి నేర్పరి యైనను గింజలో లేని నూనెను పిండజాలడు. అట్లే, పరిమితమైన సామగ్రినుండి ఏ పక్షమునకును మొగ్గని అంచనాను రాబట్టు పద్ధతి ఎంత గొప్పదైనను, దాని నిష్కృష్టతకు దాటరాని హద్దొకటి యున్నది. ఆ హద్దును ముందుగనే లెక్కగట్టవచ్చును. 1946లో స్వీడను దేశపు క్రామేరు తన గ్రంథమున నిదే చెప్పుటచే దీనికి క్రామేరు–రావు హద్దను పేరు స్థిరపడెను. మనవాడే మొదటివాడని ఘోషించుటకు నాలుక ఉవ్విళ్లూరును గాని, ఫ్రాన్సు దేశపు ఫ్రేషే 1943లోనే ఇట్టి ఫలితము నొకటి ప్రకటించెనని యొప్పుకొనవలెను. ఒప్పుకొన్నంత మాత్రమున రావుగారికి లోటు లేదు. అదే వ్యాసమున మోటు అంచనాను మెరుగుదిద్దు మార్గము మరియొకటి యున్నది. 1947లో బ్లాక్‌వెల్ దానినే స్వతంత్రముగా కనుగొనుటచే అది రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతమైనది. సంభావ్యతలకు జ్యామితిని గల్పించిన మూడవ యూహ యొకటి గలదు. అది దశాబ్దముల పిమ్మట ఒక శాస్త్రశాఖయే యయ్యెను. ఒక్క వ్యాసమున మూడు!

పరాయి ప్రభుత్వ మింకను తొలగని దినములలో, మన దేశపు పత్రికయందు, విదేశ పట్టమేదియు లేని యువకుడు ప్రకటించిన వ్యాసమది. శతాబ్దపు గణాంకశాస్త్ర విజయములను గూర్చి 1992లో విదేశములందు కూర్చిన సంపుటమున దానిని మరల ముద్రించిరి. నేడు ఒక యువకుడు అట్టి వ్యాసము వ్రాసినచో, స్వదేశ పత్రికకు పంపవద్దు, దాని ప్రభావాంకము తక్కువ యని హితవు చెప్పు పెద్దలు మనలో నెందరో కలరు.

రావుగారిని వైద్యగణాంకవేత్త యని యెవ్వరును పిలువరు. వీరి శాస్త్రము మనుష్యదేహము నొద్దనే మొదలైన మాట మాత్రము నిజము. తొలిదినములలో సంయుక్తరాష్ట్రముల ప్రజల దేహమానములను మహలనోబిస్, మజుందారులతో గలసి విశ్లేషించిరి. 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాను దేశమున జెబెల్ మోయాయందు త్రవ్వితీసిన ప్రాచీనుల యెముకల కొలతలను పరీక్షించిరి. ఫిషరుగారి శిష్యరికమున ఎలుకల సంకరముల లెక్కలును జూచిరి. 1948లో డాక్టరు పట్టము. పసిబిడ్డలవలె దినదినము పెరుగు ప్రాణుల కొలతలను పలుమారులు తీసి, ఒక గుంపును మరియొక గుంపుతో పోల్చు పద్ధతిపై 1958లోను 1965లోను వ్రాసిన వ్యాసములును వీరివే.

వైద్యమునకు వీరి పెద్ద కానుక వేరొకటి. అది 1948లో ప్రకటించిన స్కోరు పరీక్ష. క్రొత్త మందునకును పాత మందునకును భేదము లేదని మొదట ఊహింపుడు. ఆ యూహపై నిలువబడి, రోగులనుండి వచ్చిన సామగ్రి మిమ్మెటు త్రోయుచున్నదో, ఎంత బలముగా త్రోయుచున్నదో చూడుడు. త్రోపు స్వల్పమైనచో ఊహ నిలుచును, బలమైనచో విడువవలెను. భేదమెంత యని వేరుగా లెక్కగట్టకయే తీర్పు చెప్పవచ్చుననుట ఇందలి సౌలభ్యము. చేతియంత్రములతో గుణకారములు చేయు దినములలో అది సామాన్యమైన మేలు గాదు.

నేడు క్యాన్సరు వైద్యమును గూర్చిన యే వ్యాసము తెరచినను మెట్లు మెట్లుగా దిగు రెండు గీతలు కనబడును. ఎందరు రోగులు ఎంతకాలము జీవించిరో అవి చూపును. ఆ గీతల విధానము కాప్లాన్, మైయరులు 1958లో ప్రకటించినది. సర్వశాస్త్రములలోను అత్యధికముగా ఉల్లేఖింపబడిన వ్యాసముల పట్టికను 2014లో నేచర్ పత్రిక ప్రకటింపగా, అందు వీరి వ్యాసమునకు 11వ స్థానమును, జీవితకాల విశ్లేషణపై 1972లో కాక్సు వ్రాసిన దానికి 24వ స్థానమును లభించెను. ఆ రెండు గీతల నడుమ భేదము నిజమా, యాదృచ్ఛికమా యని తేల్చుటకు వైద్యులు వాడునది లాగ్‌ర్యాంకు పరీక్ష. కాక్సు విధానమున స్కోరు పరీక్షను చేసినచో వచ్చునది ఇదియే. అనగా, రావుగారి పరికరము ఆ వ్యాసములలో ననుదినము పనిచేయుచున్నది. వైద్యుడు గీతలవారిని పేర్కొనును, కాక్సును పేర్కొనును. రావుగారి పేరు అచ్చట కానరాదు. వైద్యుని నిందింప బనిలేదు. ఆయన కా సంగతి తెలియదు.

అర్థశాస్త్రజ్ఞుల తీరు మరియు విచిత్రము. వారీ పరీక్షనే లగ్రాంజి గుణకపరీక్ష యను పేర వాడుకొందురు. పదునెనిమిదవ శతాబ్దపు లగ్రాంజికి పేరు దక్కినది. ఎం.ఆర్.ఐ. యంత్రములను రూపొందించు ఇంజనీర్లు మాత్రము కొంత నయము. రోగిని యంత్రములో నెంతసేపుంచిన ఎంత నిష్కృష్టమైన కొలత వచ్చునో తెలియుటకు క్రామేరు–రావు హద్దును లెక్కగట్టుదురు, పేరు చెప్పుదురు. కాని 1945 నాటి వ్యాసమును ఉల్లేఖించువారు వారిలో తక్కువ. ఇంటింట నున్న వస్తువునకు రశీదు చూపువారెవరు? ఒక జ్ఞానము సర్వసామాన్యమై పోవుటవలన దాని కర్త కనుమరుగగుట యను నీ ధర్మమును అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు రాబర్టు మెర్టను ఎన్నడో వివరించెను. లెక్కించువారి పుస్తకములలో దానికి గడి యింకను ఏర్పడలేదు.

గౌరవములు రాకపోలేదు. 1967లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 2001లో పద్మవిభూషణము వచ్చెను. 2001వ సంవత్సరపు అమెరికా జాతీయ విజ్ఞాన పతకమును వీరిదే. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము 102వ యేట వచ్చెను. ఆ సంవత్సరమే ఆగస్టు 22వ తేదీన అమెరికాలో కీర్తిశేషులైరి. గచ్చిబౌలి ప్రాంతమున వీరి పేర నొక రోడ్డును, హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున వీరి పేర నొక శాస్త్రసంస్థయు నున్నవి. తెలుగు విద్యార్థి పాఠ్యపుస్తకమున వీరి చరిత్ర కెంత చోటున్నదో చదువరులే చూచుకొందురు గాక.

ఇది ఒక్క రావుగారికి జరిగిన అన్యాయమని చెప్పుట మా యుద్దేశము గాదు. వారంతటి వారికి లెక్క తక్కువైనను నష్టము లేదు. నష్టము వేరుచోట నున్నది. మద్రాసు క్షయచికిత్సా కేంద్రమువారు, రోగి యింటనే యుండి మందులు పుచ్చుకొన్నను శానిటోరియమునందు పొందినంత స్వస్థత పొందునని 1959లో ఋజువు చేసిరి. లక్షలాది పేదల చికిత్సను మార్చిన పరిశోధన యది. రోగులను చీట్లవలె యాదృచ్ఛికముగా రెండు భాగములు చేసి, కడవరకు లెక్క చెడకుండ కాపాడిన గణాంకవేత్తల పని లేనిదే దానికి విలువ లేదు. ఆ నివేదిక కేంద్రము పేరనే వెలువడెను. ఏ వ్యక్తి పేరును శిరస్సున లేదు. నేటి లెక్కలో అట్టి వారికి వచ్చు అంకె సున్న.

సున్న వచ్చు పనికి యువకులెట్లు వత్తురు? రారు గనుకనే మన వైద్యకళాశాలలలో పట్టభద్రానంతర విద్యార్థి తన సిద్ధాంతవ్యాసమునకు రోగుల సంఖ్యను పాత వ్యాసము జూచి వేసికొనుచున్నాడు. సామగ్రి యంతయు గూడిన పిమ్మట, సమర్పణకు వారమున్నదనగా, లెక్కలు తెలిసినవానికై పరుగిడుచున్నాడు. ప్రయోగము ముగిసిన పిదప గణాంకవేత్తను పిలుచుట శవపరీక్షకు పిలుచుటయే యని ఫిషరు 1938లో హెచ్చరించెను. ఆ హెచ్చరిక చేసినది లండనులో గాదు; కలకత్తాలో జరిగిన ప్రథమ భారత గణాంక మహాసభయందే.

కావున ఆంధ్రప్రదేశ్, తెలంగాణముల ఆరోగ్య విశ్వవిద్యాలయములు చేయదగిన పని యొకటి కలదు. సిద్ధాంతవ్యాసపు ప్రణాళికను ఆమోదించునాడే, మొదటి రోగిని చేర్చుకొనక పూర్వమే, గణాంకవేత్త పరిశీలించి సంతకము చేయవలెనని నియమింపవలెను. ఆ సంతకము చేసినవాని పేరు ప్రచురణములో కర్తల వరుసన చేర్పవలెను. అతని పదోన్నతికి ఆ పనిని లెక్కింపవలెను. ఇందుకు కావలసిన ధనము స్వల్పము. కళాశాల కొక్కడు, ఇద్దరు ఉద్యోగులు చాలుదురు. విశాఖపట్టణమున గణితము చదివి ఉద్యోగమునకై కలకత్తా పోవలసిన అగత్యము 1941లో నుండెను, ఇప్పుడు లేదు.